ఆరు కుండీల ఆకులు ఉప్పుకు బదులవుతాయా? నాలుగు నెలల వాడకం తర్వాత

మా నాన్నగారి రక్తపోటు అదుపులోకి రావాలంటే మందులతో పాటు ఉప్పు కూడా తగ్గించి తీరాలని వైద్యులు చెప్పిన వారంలోనే మా ఇంటికి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో ఆరు చిన్న కుండీలు, ఒక్కో కుండీలో ఒక్కో మొక్క ఉన్నాయి: కొత్తిమీర, పుదీనా, బేసిల్, పార్స్లీ, థైమ్, రోజ్‌మేరీ. ఇక మీ వంటలో ఉప్పు అవసరం లేదని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంది. అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి పెట్టెలు అమ్మేవారు చాలామంది ఉన్నారు, దాదాపు అందరూ ఇదే మాట చెబుతున్నారు, నేను పరీక్షించాలనుకున్నది కూడా ఆ మాటనే. నాలుగు నెలల పాటు రోజూ రెండు పూటలా ఈ ఆకులతో వండిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

పెట్టె మీది మాట నిజం కాదు. అయితే ఆ మొక్కలు కిటికీ దగ్గర లేకపోయి ఉంటే మా ఇంట్లో ఉప్పు ఇంతగా తగ్గేది కాదన్నది కూడా అంతే నిజం. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్పడానికే ఇంత వివరంగా రాయవలసి వస్తోంది.

కొలత లేకుండా చేసే ఏ ప్రయత్నమైనా ఊహగానే మిగిలిపోతుందని, మొక్కలు వచ్చిన రోజునుంచే ఉప్పు లెక్క రాయడం మొదలుపెట్టాను. మా ఇంట్లో అమ్మగారు, నాన్నగారు, నేను, ముగ్గురం. అంతకుముందు 500 గ్రాముల ఉప్పు మాకు సుమారు 18 రోజులు వచ్చేది, అంటే మనిషికి రోజుకు 9 గ్రాములకు పైనే. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2 గ్రాముల లోపు సోడియం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ అంచనా ప్రకారమే ప్రపంచంలో పెద్దవారు సగటున తీసుకుంటున్నది రోజుకు దాదాపు 11 గ్రాములు. కనుక మేము మరీ విపరీతంగా తింటున్నవాళ్లమేమీ కాదు, అందరిలాగే తింటున్నాం. అయినా చెప్పిన హద్దుకు దాదాపు రెట్టింపులో ఉన్నాం. ఒక టీస్పూను నిండా ఉప్పు తీసుకుంటే అందులోనే సుమారు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుందని తెలిసిన తర్వాత, చేత్తో ఉప్పు తీసి వేసే అలవాటు మానేసి కొలత చెంచా వాడడం మొదలుపెట్టాను. ఈ మొత్తం ప్రయత్నంలో ఆ చెంచా చేసిన మేలు తక్కువేమీ కాదు.

మొదటి వారం పెట్టె మీది మాటను అక్షరాలా పాటించాను. పప్పు ఉడికించి, అందులో ఉప్పు అసలే వేయకుండా, రెండు గుప్పెళ్ల కొత్తిమీర తరిగి కలిపాను. వాసన ఎంతో బాగుంది. నాన్నగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు ఆగి, “అమ్మా, ఉప్పు మరిచిపోయావా?” అని అడిగారు. మరిచిపోలేదని, దాని బదులే ఈ ఆకులని చెప్పాను. ఆయన ఇంకేమీ అనకుండా తిన్నారు గానీ, రోజూ తినే దానిలో సగమే తిన్నారు. ఉప్పు తగ్గించబోయి మనిషికి తిండే తగ్గించడం చాలా పెద్ద తప్పు, ముఖ్యంగా వయసు పైబడినవారి విషయంలో. ఆ వారం నాకు మిగిల్చిన పాఠం అదొక్కటే. అక్కడినుంచి దారి మార్చాను.

ఎందుకు కుదరలేదో అర్థం చేసుకుంటే, ఈ ఆకులను ఎక్కడ వాడాలో కూడా అర్థమవుతుంది. ఉప్పదనం నాలుక గుర్తించే రుచి. సోడియం అయాన్లు రుచిమొగ్గల్లోని కణాలలోకి ప్రవేశించినప్పుడు ఆ సంకేతం పుడుతుంది. కొత్తిమీర, థైమ్, బేసిల్ వంటివి ఇచ్చేది ప్రధానంగా వాసన. నమిలేటప్పుడు వాటిలోని తేలికగా ఆవిరయ్యే నూనెలు గొంతు వెనుకనుంచి ముక్కులోకి చేరతాయి, మనం దాన్ని కూడా రుచి అనే పిలుస్తాం. ఒకటి నాలుక పని, మరొకటి ముక్కు పని. ముక్కు ఎంత గట్టిగా పనిచేసినా నాలుక అడిగే ఉప్పును తీసుకురాలేదు. అంతేకాదు, ఉప్పు ఉప్పదనాన్ని ఇచ్చి ఊరుకోదు, చేదును కూడా అణచివేస్తుంది. ఈ సంగతిని చూపిన పరిశోధన 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. చేదు అణిగినప్పుడు మిగిలిన రుచులు పైకి తేలతాయి, అందుకే చిటికెడు ఉప్పు వేయగానే వంటకం మొత్తం మేలుకున్నట్టు ఉంటుంది. ఉప్పు పూర్తిగా తీసేసినప్పుడు, లోపల దాగిన చేదు బయటపడి, పైన వేసిన ఆకులు కూడా పచ్చివాసన కొట్టినట్టు అనిపించడానికి కారణం ఇదే. పెట్టెలో పెట్టిన కరపత్రంలో ఈ సంగతి ఒక్క వాక్యం కూడా లేదు. కొన్నవాళ్లు మొదటి వారంలోనే నిరాశపడి మొక్కలను పక్కన పడేయడానికి ఆ లోపమే చాలు.

రెండో వారంనుంచి నేను పాటించిన పద్ధతి వేరు. ఉప్పును పూర్తిగా తీసేయకుండా, పదిహేను రోజులకొకసారి, అప్పటికి వేస్తున్న దానిలో పదో వంతు తగ్గించుకుంటూ వచ్చాను. తగ్గించిన ప్రతిసారీ, ఆ వంటకంలో ఏర్పడిన వెలితిని ఆకులతోనూ పులుపుతోనూ నింపాను. ఐదుసార్లు తగ్గించిన తర్వాత అక్కడ ఆపాను. నాలుగో నెలలో 500 గ్రాముల ఉప్పు మాకు 31 రోజులు వచ్చింది, అంటే మనిషికి రోజుకు సుమారు 5.4 గ్రాములు. చెప్పిన హద్దు లోపలికి మేమింకా రాలేదు. పైగా బయట కొన్న పదార్థాలలో ఉండే ఉప్పు ఈ లెక్కలో లేదు. అయినా రోజుకు మనిషికి దాదాపు 4 గ్రాములు తగ్గడం, అదీ నాన్నగారు తన భోజనం తగ్గించుకోకుండా తగ్గడం నాకు ఎంతో ఊరటనిచ్చింది. ఆయన రక్తపోటు అంకెలను ఇక్కడ ఉదహరించడం లేదు. ఈ నాలుగు నెలల్లోనే మందు మోతాదు కూడా మారింది కాబట్టి, తగ్గిన దానిలో ఎంత భాగం ఉప్పుదో చెప్పడం న్యాయం కాదు.

ఇలా నెమ్మదిగా తగ్గించడానికి బలమైన ఆధారమే ఉంది. ఉప్పు తక్కువగా ఉన్న తిండికి కొన్ని నెలల పాటు అలవాటు పడినవారికి అంతకుముందు నచ్చిన ఉప్పు మోతాదు ఎక్కువగా అనిపించడం మొదలవుతుందని 1982లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. మా ఇంట్లో అది జరిగిన రోజు నాకు బాగా గుర్తుంది. సుమారు పది వారాలు గడిచాక ఒక విందులో భోజనం చేసి వచ్చిన నాన్నగారు, “అంత ఉప్పు ఎలా తింటున్నారమ్మా వాళ్లు?” అన్నారు. ఆ విందులో వడ్డించినది మూడు నెలల క్రితం మా ఇంట్లో వండినలాంటి భోజనమే. మారింది ఆయన నాలుక.

ఆకులు, మసాలా దినుసుల వాడకం నేర్పితే ఉప్పు తగ్గించడం సులభమవుతుందా అన్న ప్రశ్నను నేరుగా పరీక్షించిన అధ్యయనం కూడా ఒకటి ఉంది. అమెరికాలో 55 మంది పెద్దవారితో జరిగిన ఈ అధ్యయనం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మొదటి నాలుగు వారాలు అందరికీ ఉప్పు తక్కువగా ఉన్న ఆహారమే ఇచ్చారు. ఆ తర్వాత 20 వారాల పాటు సగం మందికి ఆకులతో, దినుసులతో వండుకోవడం నేర్పారు, మిగిలినవారిని తమంతట తాము ఉప్పు తగ్గించుకోమన్నారు. నేర్చుకున్నవారు మిగిలినవారికంటే రోజుకు సుమారు 950 మిల్లీగ్రాముల సోడియం తక్కువ తీసుకున్నారు. ఉప్పు లెక్కలో అది దాదాపు రెండున్నర గ్రాములు. అక్కడ పనిచేసింది నేర్పడం అని గమనించాలి. మొక్కలు ఇచ్చి ఊరుకుంటే అదే ఫలితం వస్తుందని ఆ అధ్యయనం చెప్పలేదు, నా అనుభవం కూడా చెప్పదు.

ఇక మొక్కల విషయానికి వస్తాను. ఆరింటిలోనూ నాకు అన్నిటికంటే ఉపయోగపడినది థైమ్. చూడడానికి అది చాలా చిన్న మొక్క, సన్నని కాడలకు మిరియపు గింజంత ఆకులు ఉంటాయి, పెట్టె తెరిచినప్పుడు నేను దానిని లెక్కలోకే తీసుకోలేదు. థైమ్‌కు వాసననిచ్చే థైమాల్ అనే పదార్థం ఎక్కువసేపు ఉడికినా త్వరగా పోదు. బంగాళాదుంపలు, బీన్స్ గింజలు, పుట్టగొడుగులు, కోడిమాంసం వంటివి ఉడికేటప్పుడు మొదట్లోనే రెండు కాడలు వేస్తే, ఆ ఘాటు పదార్థం లోపలికి దిగి, తినేటప్పుడు ఒక రకమైన నిండుదనం ఇస్తుంది. ఆ నిండుదనం వల్లనే ఉప్పు తక్కువైన సంగతి వెంటనే తెలియదు. పుట్టగొడుగులలో రుచిని పెంచే గ్లుటమేట్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది కాబట్టి వాటికి థైమ్ తోడైతే సగం ఉప్పు కూడా ఎక్కువే అనిపిస్తుంది. దిగువ ఆకులనుంచి కాకుండా చివుళ్లనుంచి తుంచుతూ ఉంటే మొక్క గుబురుగా పెరుగుతుంది. నీళ్లు తక్కువైనా ఓర్చుకుంటుంది, ఎక్కువైతేనే చచ్చిపోతుంది. వంట చేసేవాళ్లు ఒక్క కుండీకే చోటు ఉందంటే నేను థైమ్ పెట్టుకోమంటాను.

కొత్తిమీరది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన స్వభావం. దాని వాసనకు కారణమైన ఆల్డిహైడ్లు వేడికి చాలా త్వరగా ఎగిరిపోతాయి. ఉడుకుతున్న కూరలో వేసి మూత పెడితే పది నిమిషాల్లో మిగిలేది ఆకుపచ్చ పీచు మాత్రమే. పొయ్యి కట్టేసిన తర్వాత, ఇంకా చెప్పాలంటే వడ్డించే ముందు, తరిగి వేస్తేనే అది ఉప్పు లోటును కప్పగలుగుతుంది. కాడలను పారేయకండి, వాటిలో ఆకులకంటే గాఢమైన రుచి ఉంటుంది, సన్నగా తరిగితే నోటికి తగలవు. కొందరికి కొత్తిమీర సబ్బు వాసన కొడుతుంది. అది మొండితనం కాదు. వాసనను గుర్తించే ఓఆర్6ఏ2 అనే జన్యువు దగ్గరి తేడాతో దీనికి సంబంధం ఉందని 2012లో వచ్చిన ఒక జన్యు అధ్యయనం చూపింది. ఇంట్లో అలాంటివారు ఉంటే వాళ్లకు కొత్తిమీరతో ఉప్పు మాన్పించడం అసాధ్యం, పార్స్లీ వాడండి. కొత్తిమీరతో నాకున్న అసలు ఫిర్యాదు మరొకటి. కుండీలోని మొక్క ఆరు వారాల్లోనే పూతకు వచ్చి ముగిసిపోయింది. వేడి పెరిగితే కొత్తిమీర త్వరగా పూస్తుంది, పూసిన తర్వాత ఆకు చేదెక్కి సన్నబడుతుంది. అది మొక్క స్వభావమే గానీ అమ్మినవాళ్ల తప్పు కాదు. అయితే ఏడాది పొడవునా కోసుకోవచ్చని కరపత్రంలో రాయడం మాత్రం వాళ్ల తప్పే.

పుదీనా గురించి చెప్పవలసినది తక్కువ, మెచ్చుకోవలసినది ఎక్కువ. పెరుగులోనూ, కీరదోస, నిమ్మరసం కలిపిన సలాడ్‌లలోనూ, చల్లగా తినే దేనిలోనైనా పుదీనా ఉంటే ఉప్పు దాదాపు అవసరం లేదు. నోటిలోని చల్లదనాన్ని గుర్తించే నాడులనే మెంథాల్ తట్టి లేపుతుంది కాబట్టి, ఆ చల్లదనంలో ఉప్పు లేని సంగతి మరుగునపడుతుంది. వేడివేడి కూరల్లో ఈ ఫలితం అంతగా రాదు. దానిని ఇతర మొక్కలతో కలిపి ఒకే తొట్టెలో నాటకండి, వేళ్లు పాకి మిగిలినవాటిని తినేస్తుంది.

పార్స్లీని నేను మొదట చిన్నచూపు చూశాను, తర్వాత అభిప్రాయం మార్చుకున్నాను. దాని వాసన మెత్తనిది, ఏ వంటకంలోనూ తన పేరు చెప్పుకోదు. కానీ సన్నగా తరిగిన పార్స్లీ, నిమ్మతొక్క పైపొర తురుము, నలిపిన వెల్లుల్లి ఈ మూడూ కలిపి, ఉడికించిన కూరగాయల మీద గానీ చేప మీద గానీ చల్లితే, అప్పుడు వేయవలసిన ఉప్పు మూడో వంతుకు పడిపోతుంది. ఆకుల్లో కూడా సహజంగా కొద్దిగా సోడియం ఉంటుందా అని ఒకరు నన్ను అడిగారు. 100 గ్రాముల పార్స్లీలో ఉండేది సుమారు 56 మిల్లీగ్రాములు. వంటకంలో వేసే 10 గ్రాముల ఆకులో ఆరు మిల్లీగ్రాములైనా ఉండదు. పావు టీస్పూను ఉప్పులో ఉండేది 575 మిల్లీగ్రాములకు పైనే. ఆ భయం అక్కర్లేదు.

బేసిల్ టమాటాలతో చక్కగా కలుస్తుంది, టమాటాల పులుపు తోడవుతుంది కాబట్టి ఉప్పు తగ్గించడం తేలిక. అయితే దానిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చలికి ఆకులు నల్లబడిపోతాయి. కోసిన కాడలను నీళ్ల గ్లాసులో పెట్టి గదిలోనే ఉంచాలి. రోజ్‌మేరీ మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఒక్క కాడ ఎక్కువైతే కర్పూరం వాసన వచ్చి వంటకమంతా మందులా మారిపోతుంది. ఓవెన్‌లో కాల్చిన దుంపలకు తప్ప దానిని వాడలేకపోయాను.

ఆకులను వాడే పద్ధతి ఆకులంత ముఖ్యమైనది. గట్టి కాడల ఆకులు, అంటే థైమ్, రోజ్‌మేరీ వంటివి, వంట మొదట్లో వేయాలి. మెత్తని ఆకులు, అంటే కొత్తిమీర, పార్స్లీ, పుదీనా, బేసిల్ వంటివి, చివర్లో వేయాలి. చాలామంది చేసే పొరపాటు వీటన్నిటినీ ఒకేసారి వేయడం. రెండో పొరపాటు మోతాదు. ఎండబెట్టిన ఆకులకు రాసిన కొలతనే తాజా ఆకులకు కూడా వాడితే ఏమీ తెలియదు, ఎండుదానికి మూడింతలు తాజా ఆకు కావాలి. మూడోది, ఆకును మాత్రమే నమ్ముకుని పులుపును మరిచిపోవడం. నిమ్మరసం, వెనిగర్ వంటివి ఉన్న కొద్దిపాటి ఉప్పునే ఎక్కువ చేసి చూపిస్తాయి. ఈ నాలుగు నెలల్లో ఆకు, పులుపు కలిసి వేసినప్పుడు కుదిరినంత బాగా ఆకు ఒక్కటే వేసినప్పుడు ఎన్నడూ కుదరలేదు. మిగిలిన కొద్దిపాటి ఉప్పును కూడా వంట మధ్యలో కాకుండా చివర్లో పైన చల్లితే అది నాలుకకు నేరుగా తగులుతుంది, లోపల ఇంకిపోయిన ఉప్పుకంటే తక్కువతోనే తృప్తి కలుగుతుంది. ఈ చిన్న మార్పు అమ్మగారు సూచించినది, నేను చదివి తెలుసుకున్నది కాదు.

ఆకులు ఏమీ చేయలేని చోట్లు కూడా ఉన్నాయి, వాటిని దాచడం సరికాదు. రొట్టె పిండిలో ఉప్పు రుచికి మాత్రమే ఉండదు, పిండి సాగే గుణాన్ని గట్టిపరుస్తుంది, ఈస్ట్ పొంగే వేగాన్ని అదుపులో పెడుతుంది. నిల్వ చేసే ఊరగాయలలో ఉప్పు తగ్గిస్తే రుచి మాట అటుంచి, పదార్థమే పాడై ప్రమాదకరమవుతుంది. ఈ రెండుచోట్లా ఉప్పుకు బదులు ఆకు అన్న ఆలోచనే వద్దు. తెల్లగా, చప్పగా ఉండే పదార్థాలలో, ఉదాహరణకు ఉత్త అన్నంలో, ఆకులు వేసినా ఫలితం తక్కువ. అన్నిటికంటే ముఖ్యంగా, మీరు తినే ఉప్పులో ఎక్కువ భాగం వంటింటి డబ్బాలోంచి రాకుండా కొన్న ఆహారంలోంచి వస్తున్నట్లయితే, ఈ కుండీల వల్ల మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. 1991లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో సోడియంలో సుమారు 77 శాతం తయారీ ఆహారంలోంచే వస్తోందని, వండేటప్పుడు, తినేటప్పుడు ఇంట్లో వేసుకునేది రెండూ కలిపినా సుమారు 11 శాతమేనని తేలింది. ప్రతిపూటా ఇంట్లోనే వండుకునే కుటుంబాలలో ఈ లెక్క తలకిందులవుతుంది, మా ఇంట్లో ఫలితం కనిపించింది అందుకే. కొనే ముందు మీ ఇల్లు ఏ వైపు ఉందో చూసుకోండి. సాస్‌లు, చిప్స్, సూప్ పొడులు, నిల్వ మాంసం రోజూ తినే ఇంట్లో ముందు మార్చవలసింది అవి.

ప్రత్యామ్నాయాలతో పోల్చకపోతే ఈ సమీక్ష అసంపూర్ణమవుతుంది. ప్లాస్టిక్ డబ్బాలలో అమ్మే కోసిన ఆకులు కొని చూశాను. వాసన బాగానే ఉంటుంది గానీ, ఒక వంటకు కావలసింది నాలుగు కాడలైతే డబ్బాలో ఇరవై ఉంటాయి, మిగిలినవి మూడో రోజుకు కుళ్లిపోతాయి. ఎండబెట్టిన ఆకులలో థైమ్, ఒరెగానో బాగుంటాయి, కొత్తిమీర, పార్స్లీ మాత్రం ఎండిన తర్వాత గడ్డితో సమానం. ‘హెర్బ్ సాల్ట్’ అని అమ్మే సీసాల విషయంలో తప్పకుండా జాగ్రత్త పడాలి. పేరులో ఆకు ముందుంటుంది, వెనుక ముద్రించిన పదార్థాల జాబితాలో ఉప్పు ముందుంటుంది. అలాంటి సీసా ఒకటి మేము నెల రోజులు వాడిన తర్వాతే నేను ఆ జాబితా చదివాను. రక్తపోటు ఉన్నవారికి మేలు చేస్తున్నామనుకుంటూ ఉప్పే వడ్డించిన ఆ నెల గురించి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సోడియం కొంత తీసి పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు మరో దారి, దానికి ఆధారం చాలా బలమైనది. చైనాలోని 600 గ్రామాలలో దాదాపు 21,000 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. మామూలు ఉప్పు బదులు, 75 శాతం సోడియం క్లోరైడ్, 25 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తక్కువగా కనిపించింది. ఆకుల వాడకానికి ఇంత పెద్ద పరీక్ష ఏదీ తోడు లేదని నిజాయితీగా ఒప్పుకోవాలి. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, శరీరంలో పొటాషియంను నిలిపి ఉంచే మందులు వాడేవారు, వైద్యుల అనుమతి లేకుండా ఆ ఉప్పు ముట్టుకోకూడదు. రక్తపోటుకు ఇచ్చే మందులలో కొన్ని సరిగ్గా అలాంటివే. మా నాన్నగారు వాడేది కూడా ఆ కోవలోదే కాబట్టి వైద్యులు వద్దన్నారు, అందువల్లే ఈ కుండీల దారి పట్టాం.

ఆకులు మాత్రం ఎవరైనా ఎంతైనా తినవచ్చని అనుకోవద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు పార్స్లీ, కొత్తిమీర వంటి ఆకుల మోతాదును ఒక్కసారిగా పెంచకూడదు, వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. రెండో జాగ్రత్త అయోడిన్ గురించి. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, చాలామందికి అది ఉప్పులోంచే అందుతుంది. కనుక తగ్గించి వాడే ఆ కొద్ది ఉప్పు అయోడిన్ కలిపినదే కావాలి, ఖరీదైన రాతి ఉప్పులకు మారడానికి ఇది సమయం కాదు. మూడోది, ఆకులను, వెల్లుల్లిని నూనెలో ముంచి గది వేడిలో రోజుల తరబడి నిల్వ ఉంచడం. గాలి తగలని ఆ నూనెలో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే బాక్టీరియా పెరిగే అవకాశం ఉంది. మిగిలిన ఆకులను తరిగి, కొద్ది నీటితో ఐసు ట్రేలలో పోసి గడ్డకట్టిస్తే ఆ ప్రమాదం ఉండదు, వాసన కూడా చాలావరకు నిలుస్తుంది.

ఇక పెట్టె నాణ్యత. కుండీలలో రెండింటికి అడుగున రంధ్రాలు లేవు. పది రోజుల్లో రోజ్‌మేరీ వేళ్లు కుళ్లు వాసన కొట్టడం మొదలయ్యాక గానీ నేను గమనించలేదు. మేకు కాల్చి రంధ్రాలు చేసి బతికించుకున్నాను. బేసిల్ కుండీలో ఒకే మొక్క అనుకున్నది నిజానికి పదిహేనుకు పైగా నారు మొక్కల గుంపు. అంగడిలో గుబురుగా కనిపించడానికి అలా కుక్కుతారు, అవి ఒకదానితో ఒకటి పోటీపడి నెలలోపు అన్నీ వాడిపోతాయి. వచ్చిన రోజే వాటిని నాలుగు భాగాలుగా విడదీసి వేరే కుండీలలో నాటాను, అందువల్ల నాలుగో నెలలో కూడా కోసుకుంటున్నాం. ఈ పని చేయాలని కరపత్రంలో లేదు. మొక్కలన్నిటికీ కనీసం ఐదారు గంటల ఎండ కావాలి, పుదీనా, పార్స్లీ కొంచెం తక్కువైనా తట్టుకుంటాయి. సంస్థకు ఫోన్ చేసి రంధ్రాల సంగతి చెప్పినప్పుడు మర్యాదగా విన్నారు, కొత్త కుండీలు పంపుతామన్నారు, పంపలేదు.

నాలుగు నెలలు గడిచేసరికి థైమ్, పుదీనా, పార్స్లీ బలంగా ఉన్నాయి, బేసిల్ ఫరవాలేదు, రోజ్‌మేరీ బతికి ఉంది గానీ దానితో మాకు పనిలేదు, కొత్తిమీర కుండీ ఖాళీ. ఐదుకు మార్కులు వేయాలంటే మొక్కలకు నాలుగు, పెట్టెకు, కరపత్రానికి కలిపి ఒకటిన్నర వేస్తాను. ఇదే పెట్టెను మళ్లీ కొనను, ఎవరినీ కొనమని చెప్పను. థైమ్, పుదీనా, పార్స్లీ ఈ మూడింటినీ విడిగా, అడుగున రంధ్రాలున్న కుండీలలో చూసి కొనుక్కోండి. కొత్తిమీరను ధనియాలు నలిపి మూడు వారాలకొకసారి కొత్తగా చల్లుకోండి. వాటితో పాటు ఒక కొలత చెంచా కూడా కొనుక్కోండి. మా ఇంట్లో ఇప్పుడు ఖాళీ అయిన కుండీలో నాన్నగారే ధనియాలు చల్లారు, నిన్న రెండు మొలకలు వచ్చాయి.